తెలుగు రాని పిల్ల

మజ్జిగ సీసా చేతికిస్తూ మునియమ్మ నోరు తెరవబోయింది.

"ఇక్కడ తెలుగు మాట్లాడొద్దుమ్మా," అంది కూతురు మోహనప్రియ, గొంతు తగ్గించి.

"తాగమని చెప్పబోయినా, అంతే."

"నువ్వు పో. ఆ కంచె కాడ నిలబడుకో."

తమ ఊరు పిక్కిలిలో ఆ రోజు కూలి మానుకుని, రెండు బస్సులు మారి, కూతురి ఆట చూడ్డానికి ధర్మపురి వచ్చింది మునియమ్మ. పోయి కంచె దగ్గర నిలబడింది.

మోహనప్రియ బడి కబడ్డీ జట్టుకు కెప్టెన్. తమిళనాడులోని ఆ తమిళ బడి హాస్టల్లో చేరి మూడేళ్ళయినా తనది తెలుగిల్లని ఒక్కరికీ తెలియనివ్వలేదు. తెలిస్తే ఆటపట్టిస్తారని భయం. పదహారేళ్ళ వయసులో అదేం చిన్న భయం కాదు.

ఆట మొదటి సగం అయ్యేసరికి ఆమె కూతకెళ్ళి మూడుసార్లు దొరికిపోయింది.

కంచె దగ్గర మునియమ్మ పక్కనే నిలబడి ఆమె తెలుగు గొణుగుడు విన్న నెరిసిన జుట్టు పెద్దామె ఒకతె చేత్తో పిలిచింది. మోహనప్రియ వెంట జట్టంతా వచ్చింది.

"పాపా, కాలు శానా దూరం చాపతా ఉండావు. ఎడమ మూల పిల్ల నీ మడమ కోసమే కాసుకోనుండాది," అంది పెద్దామె తెలుగులో.

మోహనప్రియ వెనకున్న జట్టు వైపు ఓసారి చూసింది.

"నాకు తెలుగు రాదు అవ్వా," అంది తమిళంలో.

అమ్మాయిలు కిసుక్కున నవ్వారు. పక్కనే ఉన్న మునియమ్మ తల వంచుకుంది. పెద్దామె తల్లినీ కూతురినీ మార్చి మార్చి చూసింది.

చివరి కూత. రెండు జట్లకూ సమాన పాయింట్లు. ఒక్కరిని తాకి వస్తే కప్పు తమదే.

మోహనప్రియ కాలు చాపింది. తాకింది.

"ఎడం కాలు! పైకెగురు!"

మైదానమంతా వినబడేలా అరిచింది పెద్దామె, తెలుగులోనే.

మోహనప్రియ ఎగిరింది. మడమ కోసం దూకిన పిల్లకు మట్టే దొరికింది. మోహనప్రియ గీత దాటి వచ్చి పడింది.

ఈలలు, కేకలు. ప్రాణస్నేహితురాలు జయప్రియ మాత్రం నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తెలుగు రాదన్నావు. మరి ఎట్లా ఎగిరావే?"

మోహనప్రియ దుమ్ము దులుపుకుంది. ఇన్నాళ్ళూ ఎందుకు దాచానా అని సిగ్గేసింది.

"వస్తుంది. మా ఇంట్లో తెలుగే. అదిగో, మా అమ్మ," అని కంచె వైపు తిరిగి గొంతెత్తింది. "అమ్మా! గెలిచినాం!"

మునియమ్మ అటూ ఇటూ చూసింది. "మెల్లగా పాపా, అందరూ ఉండారు."

"ఉండనీమ్మా. నువ్వూ గట్టిగానే మాట్లాడు."

మునియమ్మ ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వు చూసి మోహనప్రియకు కప్పు గెలిచినదానికంటే ఎక్కువ గర్వమనిపించింది.

పెద్దామెకు దండం పెడదామని చూస్తే ఆమె లేదు. పెన్నాగరం బస్సెక్కిందన్నారు. ఆట నేర్పే ధనం టీచర్ ఆమెను అందుకోవాలని అప్పటికే గేటు దాకా పరిగెత్తి, ఆయాసపడుతూ తిరిగి వస్తోంది.

"ఎవరు టీచర్ ఆమె?"

"గోవిందమ్మాళ్. ముప్పై ఐదేళ్ళ కిందట నేనాడిన తమిళనాడు జట్టుకు కెప్టెన్," అంది టీచర్, బస్సు పోయిన దారినే చూస్తూ. "ఎనిమిదేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఆమెది తెలుగిల్లని నాకు ఈ రోజే తెలిసింది."