రెండు వేళ్ళు

"పడుకోబెట్టకండి!" అంటూ నర్సు పరుగెత్తుకొచ్చింది.

కాపలాదారు భార్య అప్పటికే మొగుణ్ణి బల్లమీద వెల్లకిలా వాల్చబోతోంది. గోడౌను తుపాకీ తుడుస్తుంటే పేలి, గుండు అతని చెంప చీల్చుకుని దవడలో ఇరుక్కుంది.

"ఇంత నెత్తురు పోతుంటే కూర్చోబెడతారా తల్లీ?"

"పడుకుంటే అదంతా గొంతులోకి దిగి ఊపిరాడదమ్మా. ముందుకు వంగి కూర్చోనివ్వండి, బయటికే కారనివ్వండి."

నర్సు మడతపెట్టిన గుడ్డతో చెంపను అదిమి, దాన్ని అతని చేతికే అప్పగించింది. డాక్టరు వచ్చి, నోట్లోకి లైటు వేసి, విరిగిన పళ్ళముక్కలు ఒక్కొక్కటే బయటికి తీశాడు. కాపలాదారు గుడ్లురిమి చూస్తూ, ఖాళీగా ఉన్న చేతి రెండు వేళ్ళు పైకెత్తాడు.

"మాట్లాడకండి, దవడ కదపొద్దు" అన్నాడు డాక్టరు.

"రెండు పళ్ళు పోయాయంటున్నారు" అంది భార్య.

"నాలుగు పోయాయి."

"బావకి రెండో కన్ను కనబడట్లేదేమో!" అన్నాడు ఆమె తమ్ముడు.

డాక్టరు కళ్ళు చూశాడు. రెండూ బాగానే ఉన్నాయి. కాపలాదారు తల అడ్డంగా ఊపి, మళ్ళీ రెండు వేళ్ళు చూపించాడు.

"పోనీ, రెండు గుక్కల నీళ్ళు..." అంది భార్య.

"చుక్క కూడా వద్దు. ఆపరేషనుకి తీసుకెళ్ళాలి" అంది నర్సు.

భార్య కళ్ళు తుడుచుకుంది. "ఈయన బతికితే చాలు. పెళ్ళయ్యాక నాకు ఎదురు చెప్పకుండా కూర్చున్నది ఈ పూటే. ఈ మౌనం నావల్ల కాదు బాబూ."

"బతుకుతాడమ్మా" అన్నాడు డాక్టరు. "ముందు ఇది చెప్పండి, తుపాకీ గొట్టం చెంపకి ఎంత దూరంలో ఉంది? దగ్గర్నుంచి తగిలితే లోపలి దెబ్బ వేరుగా ఉంటుంది."

"చెప్పడమెందుకండీ, చూపిస్తా." తమ్ముడు చంకలోని దుప్పటి చుట్ట విప్పాడు. "ఏ తుపాకీ అని అడుగుతారని తెచ్చేశా."

డాక్టరు ఒకడుగు వెనక్కి వేశాడు. "గుండు లేదు కదా?"

"భలేవారే! గుండు బావ దవడలో ఉంటే ఇందులో ఎలా ఉంటుందండీ?"

కాపలాదారు దిగ్గున లేచాడు. రెండు వేళ్ళూ గాల్లో ఆడించి, బావమరిది వైపు పొడిచి పొడిచి చూపించాడు.

"నీ మీద ఎంత మండిపోతున్నారో చూడరా!" అంది అక్క.

"నేనేం చేశాను? నువ్వు కూర్చో బావా, ఆయాసపడకు." తమ్ముడు గొట్టాన్ని పైకప్పు వైపు ఎత్తాడు. "చూడండి డాక్టరుగారూ, తుపాకీ ఇలా పట్టుకున్నాడు. గుడ్డ ఇలా తిప్పాడు. వేలేమో ఇదిగో, ఇక్కడ..."

ఢామ్మని పేలి ట్యూబులైటు అందరి నెత్తినా రాలింది. కాపలాదారు మాత్రం హమ్మయ్య అన్నట్టు రెండు వేళ్ళూ మడుచుకుని, నర్సు చెప్పినట్టే ముందుకు వంగి బుద్ధిగా కూర్చున్నాడు.