నలభై ఒక్క గీతలు

"ఇరవై వేలు. పైసా తగ్గదు. నలభై ఒక్క మందిని చంపిన కత్తి ఇది, అన్నయ్యగారూ!" అంది పాతసామాన్ల కొట్టావిడ.

డ్రైవరు ఆ చిన్న మడతకత్తిని అరచేతిలో పెట్టుకుని, ముఖంలో ఏమీ తెలియనీయకుండా చూశాడు. కత్తులు పోగుచేసేవాళ్ళకి మొదటి పాఠం అదే. కళ్ళు మెరిశాయా, ధర రెట్టింపు. అతని ఇంట్లో అరవై మూడు కత్తులున్నాయి. "ఇది కొంపా, కసాయి కొట్టా?" అని ఇల్లాలు రోజూ దెప్పుతుంది. అయినా బస్సు తోలని రోజల్లా ఇలా కొట్ల వెంట తిరుగుతూనే ఉంటాడు. తొమ్మిదేళ్ళుగా అతను వెతుకుతున్నది ఈ కత్తినేనని ఆవిడకి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!

"చంపిందని ఎవరు చెప్పారమ్మా నీకు?"

"చెప్పేదేముంది, కనబడుతుంటే! ఈ దంతప్పిడి మీద గీతలు చూడండి. ఒక్కో గీతా ఒక్కో ప్రాణం. సేనాపతి వాడిన కత్తి. మూడొందల ఏళ్ళది."

చెప్పేవాడికి వినేవాడు లోకువ. డ్రైవరు నవ్వాపుకుని, జేబులోంచి భూతద్దం తీశాడు.

"దంతం కాదు, ఎముక. ఈ నల్లటి చుక్కలు ఎముకకే ఉంటాయి. ఇదిగో, కీలు దగ్గర కార్ఖానా ముద్ర. మూడొందల ఏళ్ళ కిందట కార్ఖానా ఎక్కడిదమ్మా? గట్టిగా అరవై ఏళ్ళుంటాయి దీనికి. పైగా మొన చూడు, గుండ్రంగా అరగదీసి ఉంది. మొన లేని కత్తితో మీ సేనాపతి ఎవర్ని పొడిచాడు, దోసకాయనా?"

కొట్టావిడ ముఖం చిన్నబోయింది.

"నాకేం తెలుసన్నయ్యా. నాకు అమ్మినవాడు చెప్పిందే నేనూ చెప్పాను. సరే, మీరెంతిస్తారు?"

"ఐదొందలు."

"ఐదొందలా! సాయంత్రం హోటలాయన వస్తానన్నాడు, తెలుసా? గోడకి తగిలించుకుంటాడట. ఆయనకి మీ చుక్కలూ ముద్రలూ అక్కర్లేదు, కథ ఉంటే చాలు. పదివేలకి ఒప్పుకున్నాడు కూడా."

డ్రైవరు జేబు తడుముకున్నాడు. జేబులో ఉన్నవి రెండువేల మూడొందలు. సాయంత్రానికి ఎంతో సేపు లేదు. ఇక బింకం పక్కనపెట్టి, చొక్కా లోపలి జేబులోంచి గుడ్డలో చుట్టిన కత్తి ఒకటి తీసి బల్లమీద పెట్టాడు. తన కత్తులన్నిటిలోకీ మేలైనది, ఎక్కడైనా మారకం కుదురుతుందేమోనని వెంట తెచ్చుకున్నది.

"ఇది తీసుకుని అది నాకివ్వు. ఇది నిజంగా నూరేళ్ళది, చేత్తో కొట్టిన ఉక్కు. నలభై వేలకి తక్కువ అమ్మకు."

కొట్టావిడ కళ్ళు చికిలించింది.

"ఐదొందల కత్తికి నలభై వేల కత్తా? నేనేమైనా చెవిలో పువ్వులు పెట్టుకున్నానా? పిడిలో వజ్రమేదో ఉండుంటుంది. అయితే నేనసలు అమ్మనే అమ్మను!"

చప్పున కత్తి లాక్కుని సొరుగులో పడేసి తాళం వేసింది. అతితెలివికి పోయినందుకు డ్రైవరుకి తగిన శాస్తే జరిగింది. ముందే నిజం చెప్పి ఉంటే ఏం పోయేది?

"వజ్రం లేదు, మన్నూ లేదు. కూర్చో తల్లీ, చెబుతాను," అన్నాడు. "అది చంపిన కత్తి కాదు. మా వీధి మంత్రసాని అవ్వది. మొన ఎందుకు అరగదీసిందో తెలుసా? పసిగుడ్డుకి గుచ్చుకోకూడదని. పిడి అలా తెల్లగా పాలిపోయింది ఎందుకూ? ప్రతి పురుటికీ కాగే నీళ్ళలో మరిగించి. బొడ్డు కోయడం, వెంటనే సూది తీసి పిడిమీద గీత గీయడం, అదీ ఆవిడ పద్ధతి. మా అమ్మ వందసార్లు చెప్పింది. ఆ నలభై ఒక్కరూ చచ్చినవాళ్ళు కాదమ్మా, పుట్టినవాళ్ళు. దాన్ని తీసుకెళ్ళి హంతకుల కత్తి అని గోడకి తగిలిస్తే నేను చూడలేను. ఆవిడకి దణ్ణం పెట్టుకుందామంటే ఒక్క ఫోటో అయినా లేదు."

కొట్టావిడ నడుముకి దోపుకున్న తాళంచెవి తీసింది. సొరుగు తీసి, కత్తిని కొంగుతో తుడిచి, అతని ముందు పెట్టింది.

"నా రెండో కాన్పులో నేను పోవాల్సినదాన్నే అన్నయ్యా. ఒక నర్సు తెల్లార్లూ నా చెయ్యి వదల్లేదు. ఆ మహాతల్లి పేరైనా అడిగానా! ఇంద, తీసుకో. ఐదొందలూ వద్దు, నీ కత్తీ వద్దు."

"నా నూరేళ్ళ కత్తి నీదే తల్లీ. నువ్వు దీన్ని నిన్ననే అమ్మేసి ఉంటే నా గతేమిటి? నీ మేలు ఈ జన్మకి మరిచిపోను."

వద్దంటే వద్దని కాసేపు వాదించుకున్నారు. ఇందాక తగ్గించమని అతనూ, తగ్గనని ఆవిడా పోట్లాడినదానికంటే గట్టిగానే. చివరికి ఆవిడే ఓడిపోయి, కళ్ళొత్తుకుని నవ్వింది. కత్తి అతనికి ఇవ్వబోతూ, ఇంతమంది పిల్లలా అన్నట్టు గీతల మీద మెల్లగా వేలు పోనిచ్చింది. ఒకచోట వేలు ఆగిపోయింది. ఆ గీత మీద అడ్డంగా ఇంకో గీత ఉంది.

"అయ్యో, దీన్ని కొట్టేసిందేమిటి? పాపం, ఈ ఒక్క బిడ్డా దక్కలేదా?"

డ్రైవరు కత్తి అందుకుని రెండు కళ్ళకీ అద్దుకున్నాడు.

"ఆవిడా అలాగే అనుకుందమ్మా. గీత కొట్టేసిన తర్వాత ఏడ్చాను, నేను."