ఒక ముక్క తక్కువైన బొంత

బొంత సగం కూడా కాలేదు. అది ఎవరికి దక్కాలన్న పోట్లాట మాత్రం మంచి ఊపు మీద ఉంది.

డాక్టరు పెదవి విరిచిన రోజే పెద్దావిడ భర్త బీరువా తెరిచింది. కాలమేదైనా ఆయన తొడిగినవి ఫ్లానెల్ చొక్కాలే. వాటన్నిటినీ మంచం మీద గుట్టపోసింది. ఆయన గుర్తుగా బొంత కుట్టాలి, బంధువులు వచ్చేసరికి అది హాల్లో గోడకి వేలాడాలి. నలుగురూ చూడకపోతే ప్రేమ ఉన్నట్టు ఎలా తెలుస్తుంది మరి?

కత్తెర కూతురు పట్టింది. మిషను ముందు కోడలు కూర్చుంది. కిటికీ దగ్గరున్న ముసలాయనకి సూదుల్లో దారం ఎక్కించే పని అప్పగించారు. ఆ గదిలో కళ్లజోడు లేకుండా సూది బెజ్జం కనిపించేది ఆయనొక్కరికే.

"జేబులున్న ముక్కలన్నీ మధ్యలో రావాలి. నాన్న బొంత నా దగ్గరే ఉంటుంది," అంది కూతురు.

కోడలు మిషను ఆపేసింది. "మందులిచ్చింది నేనూ, బొంత మీకా? మామయ్యగారికి ఏనాడైనా ఫోన్ చేశారా వదినా?"

"ఊరుకోండమ్మా. ఏనాడూ నోరెత్తని మనిషి పేరు చెప్పి ఈ గొడవేంటి?" అంటూ పెద్దావిడ కళ్లు తుడుచుకుని, జేబుల ముక్కలు తన ఒళ్లోకి లాక్కుంది.

"అంచు కాస్త ఎక్కువ వదలండి. ఫ్లానెల్ కదా, పోగులు ఊడతాయి," అన్నాడు ముసలాయన.

"మీరు దారం సంగతి చూడండి," అంది పెద్దావిడ.

కూతురు అంచు వదలకుండా గీసి గీసి కత్తిరించింది. కుట్టు పడగానే అంచులు పీచుపీచుగా ఊడొచ్చాయి. ఆ ముక్కలు పారేసి మిగతా చొక్కాలు కోశారు. అవీ అయిపోయాయి. చివరికి బొంత నట్టనడుమ అరచేయంత ఖాళీ మిగిలింది. తెల్లారితే బంధువులు దిగుతారు.

ఈసారి పెద్దావిడకి నిజంగానే ఏడుపొచ్చింది.

"పరువు పోతుందే! ఒక్క ముక్క ఎక్కడైనా ఉందేమో చూడండే!"

కూతురు బీరువా అడుగంతా గాలించింది. కోడలు ఇస్త్రీ బట్టలు తిరగేసింది. ఎక్కడా ఏమీ దొరకలేదు. అప్పుడు ముగ్గురూ తలలు తిప్పి కిటికీ వైపు చూశారు.

ముసలాయన మెడ దాకా గుండీలన్నీ పెట్టుకుని, "మిగిలిన ఈ ఒక్క చొక్కా అయినా నేను పోయాక కోసుకోండర్రా," అన్నాడు.