మొద్దుకి కూడా అర్థమయ్యేలా

బంకలాంటి మొద్దుని బావమరిదిగా ఇచ్చి దేవుడు ఏనాటి కక్షో తీర్చుకున్నాడని బావ పళ్ళు కొరికాడు. మార్కెట్లో బావ నడుపుకుంటున్న జిరాక్సు కొట్టుని “నా పేర రాయించు బావా” అంటూ ఏళ్ళ తరబడి వదలకుండా అంటుకున్నందుకు బావమరిదికి వచ్చిన పేరే బంక.

ఇప్పుడు ఇద్దరూ మార్కెట్ ఆఫీసు గదిలో ఇరుక్కున్నారు. అద్దె కట్టడం, కొట్టుని ఇంకొకరి పేరుకి మార్చడం, అన్నీ ఇకనుంచి యాప్‌లోనే. యాప్ అందరి ఫోన్లలోకీ వచ్చింది గానీ వాడటం ఎవరికీ రాదు. కంప్యూటర్ తెలిసినవాడు గనక, నేర్పే స్లైడ్‌షో బావ చెయ్యాలి.

“అయిదో క్లాసు దాటనివాడు కూడా స్లైడ్లు చూసి చివరిదాకా చెయ్యగలగాలి. చేశాడా, నీ లీజు పొడిగిస్తా. లేదంటే కొట్టు ఖాళీ చెయ్యి” అని సెక్రటరీ బయట గడియపెట్టి భోజనానికి పోయాడు.

పనీపాటా లేకుండా అలాంటివాడు బంక ఒక్కడే దొరికాడు. బావ వాడి చేతిలో ఆఫీసు ట్యాబ్ పెట్టాడు. అందులో ఉన్నది నేర్చుకోడానికిచ్చిన ఉత్తుత్తి యాప్. ఏం నొక్కినా ఎవరి కొంపా మునగదు. తను కంప్యూటర్ ముందు కూర్చుని, వెనక కుర్చీలోని బంక అడిగినప్పుడల్లా స్లైడ్లు దిద్దుతున్నాడు.

“పచ్చబటన్ నొక్కమన్నారు. ఏ పచ్చది బావా? రెండున్నాయి.”

బావ తిట్టు మింగి, కింది బటన్ చుట్టూ ఎర్రగీత గీశాడు. “ఇప్పుడు కనబడి చచ్చిందా?”

“ఆఁ. కొట్టు నంబరు అడుగుతోంది.”

“స్లైడ్‌లో ఉన్నది నాదేగా, అదే వెయ్యి.”

“ఎవరి పేరుకి మార్చాలంటోంది.”

“నీ పేరే వేసుకో. ముచ్చట తీరుతుంది.”

“ఉత్తుత్తికైనా పెట్టిపుట్టాలి బావా!”

బావకి నవ్వు రాలేదు. కిటికీలోంచి చూస్తే సెక్రటరీ చెయ్యి కడుక్కుంటున్నాడు.

“పాత ఓనరు ఫోన్‌కి రహస్య నంబరు వెళ్తుందట. అదెక్కడ దొరుకుతుంది?”

“నా ఫోన్‌కొస్తుందిరా, మట్టిబుర్రా!” ఉత్తుత్తి యాప్ కూడా అచ్చం నిజందానిలాగే నంబరు పంపుతుందని సెక్రటరీ ముందే చెప్పాడు. ఫోన్ మోగనే మోగింది.

“ఎంతొచ్చింది?”

“ఓనరే చెప్పాలని స్లైడ్‌లో రాశానుగా, చదవలేదూ?”

“చదివా. చెప్పు మరి.”

బయట గడియ చప్పుడైంది. బావ గబగబా ఫోన్ చూసి చదివాడు.

“నాలుగు, సున్నా, ఏడు, ఏడు. ఇక నన్నేడిపించకుండా నొక్కు!”

“అయిపోయింది బావా!” బంక చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

లోపలికొచ్చిన సెక్రటరీ మొహం వెలిగిపోయింది. “ఇతనే చేశాడా? ఇతనికి వచ్చిందంటే ఈ గోడకీ వస్తుంది. శభాష్!” అంటూ బంక ఒళ్ళోని ట్యాబ్ అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. “ఇదేంటయ్యా, దీన్నసలు ఆన్ చెయ్యనేలేదు?”

బావ గిర్రున వెనక్కి తిరిగాడు. బంక తన సొంత ఫోన్ జేబులో వేసుకుంటున్నాడు.

“అక్షరాలు నా ఫోన్‌లోనే బాగా కనబడ్డాయి బావా.”

బావ చేతిలో ఫోన్ మళ్ళీ మోగింది. ఆయన చెప్పిన నంబరుతో, ఆయన పూర్తి అంగీకారంతో, పన్నెండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు గల కొట్టు బావమరిది పేరుకి మారిందని అసలు యాప్ ధన్యవాదాలు చెప్పింది.