రొయ్యల తొట్టిలో తెల్ల నలుసులు

“ఇవి మీ నీళ్లల్ల పుట్టినయా, బయట నుంచి వచ్చినయా? గా సంగతి తేలినంక నీళ్లు తీసుకపోత బిడ్డా” అంది పూలమ్మ. అనడమే కాదు, ఆటోలోంచి దింపిన ఖాళీ క్యాన్లు ఎనిమిదింటినీ మళ్లీ ఆటోలోకే ఎక్కించింది.

శ్యాంసుందర్‌కు చెంప మీద కొట్టినట్టయింది. మట్టెవాడలో ఇంటి కిందే ఉన్న అతని మంచినీళ్ల ప్లాంటుకు పూలమ్మ మెస్సు పాత గిరాకీ. వంతు వచ్చేదాకా ఊరికే నిలబడలేక, ఆమె అక్కడ బల్ల మీదున్న గాజు తొట్టిలోకి తొంగి చూసింది. అది అతని కూతురు మానసది. ఎర్ర రొయ్యలు పెంచుతానని తెచ్చుకుంది. పూలమ్మ చూసి ఊరుకుందా, వెనకున్న ఇద్దరు ఆడవాళ్లను కూడా పిలిచి చూపించింది. వాళ్లూ ఖాళీ బిందెలు చంకనెత్తుకుని వెళ్లిపోయారు.

శ్యాంసుందర్ వంగి చూశాడు. నిజమే. గాజుకు అంటుకుని తెల్లటి నలుసులు. కొన్ని నువ్వుగింజల్లా దొర్లుతున్నాయి, కొన్ని దారపు పోగుల్లా మెలికలు తిరుగుతున్నాయి, కొన్ని ఉన్నచోటు నుంచి చెంగున ఎగురుతున్నాయి. రొయ్య మాత్రం ఒక్కటీ లేదు. పన్నెండు రోజులుగా మానస పొద్దున్నే తొట్టిలో చిటికెడు మేత వేయడం తను చూస్తూనే ఉన్నాడు. అంటే ఈ పురుగులు మేతతో పాటు రొయ్యలను కూడా మింగేశాయన్నమాట.

కూతురికి ఫోన్ చేశాడు. కాలేజీలో ఉందేమో, ఎత్తలేదు. ఆమె వచ్చేదాకా ఆగే ఓపిక అతనికి లేదు. తొట్టిలోంచి ఒక సీసాడు నీళ్లు ముంచుకుని, బండి తీసి హనుమకొండ బాట పట్టాడు. దారి పొడుగునా తనలో తనే తిట్టుకుంటూ పోయాడు. ఇరవై ఏళ్లుగా నిలబెట్టుకున్న పేరును గోరంత పురుగు తినిపోతుందా?

మానస తొట్టి కొన్న మొగిలి పెంపుడు చేపల దుకాణంలో నలుగురైదుగురు గిరాకీలున్నారు. శ్యాంసుందర్ సీసాను బల్ల మీద ఠప్పున పెట్టాడు. జేబులోంచి ఫోన్ తీసి లైవ్ పెట్టాడు. ఆ లింకును ప్లాంటు గిరాకీల వాట్సాప్ గ్రూపులోకి పంపాడు. గ్రూపులో మూడు వందల ఇళ్లున్నాయి. పూలమ్మ కూడా ఉంది.

“ఏం మొగిలీ, రొయ్యలని చెప్పి నా బిడ్డకు ఏమంటగట్టినవ్? గిది చూసి చెప్పు.”

మొగిలి సీసాలోంచి ఒక చుక్క తీసి గాజు పలక మీద వేశాడు. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే భూతద్దం లాంటిది పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత ఒక్కొక్కటే చెప్పాడు. దొర్లేవాటికి ఒంటి మీద గుల్ల ఉందన్నాడు. ఎగిరేవి సైక్లాప్స్ అనే నీటి పురుగులట, వెనక గుడ్ల సంచులు కూడా కనిపిస్తున్నాయట. దారాల్లాంటివి సన్న పురుగులట. వీటిలో ఒక్కటి కూడా రొయ్యను ముట్టదని, రొయ్య పిల్లలను తినే జాతి వేరే ఉంటుందని, అది ఇందులో లేదని తేల్చాడు.

“జాతులు నాకెందుకయ్యా. ఇవి యాడ బతుకుతయో చెప్పు.”

మొగిలి భూతద్దం తీసి కళ్లు తుడుచుకున్నాడు. “చెరువులల్ల, బావులల్ల. నిల్వ నీళ్లల్ల.”

శ్యాంసుందర్ ఫోన్‌ను మొగిలి ముఖం దగ్గరికి జరిపాడు. “విన్నరా అందరు? చెరువు పురుగులు తెచ్చి నా ఇంట్ల పోసిండు.”

“సేటూ, జర ఫోన్ బంద్ చెయ్యి” అన్నాడు మొగిలి గొంతు తగ్గించి. “లోపలికి రా, చాయ్ తాగుకుంట మాట్లాడుదాం.”

ఆ మాటతో శ్యాంసుందర్‌కు ఇంకా మండింది. తప్పు చేసినవాడే లోపలికి పిలుస్తాడు. పొద్దున ముగ్గురు గిరాకీలు పోయింది వీధిలో, నలుగురి ముందు. తేలాల్సింది కూడా నలుగురి ముందే.

“లోపలేంది? లోపల నా కాళ్లు పట్టుకుంటవా? ఏం చెప్పినా ఈడనే చెప్పు.”

“ముందుగాల మానసను ఒక్కమాట అడుగు సేటూ.”

“నా బిడ్డ పేరు తీసినవంటే మంచిగుండదు.”

దుకాణంలో ఉన్నవాళ్లు చేపలను వదిలి వీళ్లను చూస్తున్నారు. ఒకాయన, తను నాలుగేళ్లుగా ఇక్కడే కొంటున్నానని, ఒక్క చేపా చావలేదని మొగిలి తరఫున ఏదో అనబోయాడు. శ్యాంసుందర్ ఆయన్ను చూపుతోనే నోరు మూయించాడు. ఫోన్‌లో చూస్తున్నవాళ్ల లెక్క వంద దాటింది. పూలమ్మ అప్పుడే ఒక మెసేజ్ పెట్టింది, గట్టిగా అడుగు బిడ్డా అని. అతనికి ఛాతీ పొంగింది.

మొగిలి చెయ్యి చాపి ఫోన్‌కు అడ్డం పెట్టబోయాడు. శ్యాంసుందర్ ఆ చేతిని విసిరికొట్టాడు.

“అడ్డం పెట్టకు. ఆ తొట్టిని నింపింది నేను, నా చేతులతోటి. నా ప్లాంటు నీళ్లు, సీలు తీసిన క్యాన్లు. బయట నీళ్లు ఒక్క చుక్క కలవలే, నా బిడ్డ మీద ఒట్టు. ఆ నీళ్లు పోంగ అందుల ఉన్నదంత నీ దుకాణం సరుకే. ఔనా, కాదా? మూడు వందల ఇండ్లు వింటున్నయి, చెప్పు.”

మొగిలి ఫోన్ వైపు చూశాడు. శ్యాంసుందర్ వైపు చూశాడు. చెప్పక తప్పదన్నట్టు ఒక నిట్టూర్పు విడిచాడు.

“నేనిచ్చింది ఉత్త గాజు తొట్టి, గింత మేత సేటూ. పదిహేను రోజులు నీళ్లు పోసి, రోజు చిటికెడు మేత ఏసి ఉంచుమన్న, రొయ్యలు ఎల్లుండి ఇస్త.”