ఎదుటి గట్టు పిట్ట

కొండవాగు పొంగి కింది వంతెనను ఊడ్చుకుపోయిన ఏడు అది. ఆ వరద తర్వాత అతని గట్టు మీద ఈలపిట్ట పాడలేదు.

అడవి కాపలాలో అతని పని ఒక్కటే. మంచు విడవకముందే గట్టెక్కి, చెవి ఒగ్గి నిలబడాలి. మనిషి తీరుబడిగా ఈల వేసినట్టు పాడే ఆ పిట్ట ఏ వైపు నుంచి వినిపించిందో పుస్తకంలో రాయాలి. వాగు అవతల గట్టు మీద బావది, అంటే అక్క మొగుడిది, అదే పని.

పైఅధికారి ఇద్దరినీ పిలిచి చెప్పాడు. ఏ ఒక్క పుస్తకంలోనైనా వరసగా వారం రోజులు పిట్ట లేకపోతే, కొండ రాళ్ల క్వారీకి పోతుందట. మొదటి పేలుడు అక్క ఇంటి వెనకే.

వినకుండా రాయడానికి అతనికి చెయ్యి రాలేదు. బావ అయితే ప్రాణం పోయినా రాయడు. అందుకే ఒక పొద్దున వాగు వైపు తిరిగి తనే ఈల వేశాడు. బావ వింటే రాసుకుంటాడు; అటు పిట్ట ఉండి బదులిస్తే తనూ రాసుకోవచ్చు.

కాసేపటికి ఎదుటి గట్టు నుంచి బదులు వచ్చింది. అదే ఎత్తు, అదే విరుపు. అతని ఒళ్లు ఝల్లుమంది. పుస్తకం తీసి రాసుకున్నాడు. ఆ రోజు నుంచి ఒక్క పొద్దు కూడా మానలేదు. పలికే తోడు లేకపోతే ఒంటిపిట్ట కొండ విడిచిపోతుంది.

ఒకసారి సరుకుల కొట్టు దగ్గర బావ కనిపించాడు.

“మీ వైపు పిట్టకు వయసు మళ్లినట్టుందోయ్. ఈమధ్య చివర్లో దగ్గుతోంది.”

అతను సంచి భుజాన వేసుకుని చక్కా వచ్చేశాడు. బావ మొహం చూడలేకపోయాడు.

వానలు వెనకబట్టే వేళకు ఎదుటి గట్టు మూగబోయింది. మొదటి రోజు పొగమంచు అనుకున్నాడు. మూడో రోజు పెదవులు పగిలేదాకా ఊదాడు. తన దొంగ ఈలను నమ్మి, రాని జోడు కోసం అక్కడే కూర్చుని పిట్ట రాలిపోయిందేమోనని తిండి సయించలేదు. ఐదో రోజు నడుం లోతు నీళ్లలో వాగు దాటాడు.

అక్క గుమ్మంలోనే ఎదురైంది.

“మంచిపని చేశావురా వచ్చి. ఐదు రోజులుగా మీ బావ నోరు విప్పడం లేదు. తిండి కూడా గోడవైపు తిరిగి తింటున్నాడు.”

బావ నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని బల్ల మీద కూర్చుని ఉన్నాడు.

“బావా, మా వైపు పిట్ట లేదు. వరదలోనే పోయింది. ఇన్నాళ్లూ నువ్వు రాసుకున్నది నా ఈల. మీ పిట్టను చంపింది నేనే.”

బతుకులో అంత పొడుగు మాట అతను ఎన్నడూ మాట్లాడలేదు. బావ మెల్లగా తువ్వాలు తీశాడు.

మరునాడు మంచు విడవకముందే, వాగు రాళ్ల మీద పడి ముందుపళ్లు రెండూ పోగొట్టుకున్న బావను గట్టెక్కించి, పళ్లు లేకుండా పిట్ట ఈల మళ్లీ ఎలా వేయాలో అతను మొదటి నుంచి నేర్పసాగాడు.