ఎడమ మోకాలి కట్టు

కొడుకు మోకాలు పోయిందని ఊరంతా టముకు వేసే తండ్రిని అశ్వత్థప్ప తన అరవై ఏళ్లలో ఒక్కణ్ణే చూశాడు. వాడి పేరు ఏసురత్నం.

రాబర్ట్‌సన్‌పేట బజారులో అశ్వత్థప్పది బియ్యం, బేళ్ల అంగడి. ఆయనకు ఫుట్‌బాల్ అంటే పిచ్చి. అంగడి ముందు బెంచీ మీద సాయంత్రమైతే చాలు, బెంగళూరు పనులకు రైల్లో పోయివచ్చేవాళ్లూ, బంతి ఆడేవాళ్లూ, ఆడి మానేసినవాళ్లూ చేరతారు. అక్కడ అన్న మాట మర్నాడు పొద్దున రైల్లో బెంగళూరు చేరుతుంది.

ఏసురత్నం కొడుకు గాడ్విన్ బెంగళూరులో ఒక పెద్ద క్లబ్బుకు జీతం మీద ఆడతాడు. ఊళ్లో బంగారు గనులు మూతపడ్డాక, ఆ గని కూలీల లైన్ల ఇళ్లలో పుట్టినవాళ్లలో ఆటతో అన్నం తింటున్నది అతనొక్కడే. అతనికి మొదటి బూట్లు కొనిచ్చింది అశ్వత్థప్ప. ఆ సంగతి ఆయన రోజుకు రెండుసార్లయినా చెబుతాడు.

సీజన్ మొదట్లోనే గాడ్విన్ మోకాలిలో లిగమెంటు చిరిగింది. ఆపరేషన్ చేయించుకుంటే ఆరు నెలలు ఆట లేదు. ఆట లేకపోతే వచ్చే ఏటి కాంట్రాక్టు లేదు. కాబట్టి ఇంజెక్షన్ల మీద సీజన్ లాగించి, సెలవుల్లో కోయించుకోవాలి. జీతానికి ఆడేవాళ్లందరూ చేసే పనే ఇది. కాకపోతే దెబ్బ సంగతి బయటికి పొక్కకూడదు. పొక్కితే ఎదుటి జట్టు అక్కడే తంతుంది.

అయిదేళ్ల పిల్లకు కూడా తెలిసే ఈ మాట ఏసురత్నానికి తెలియలేదు.

వాడు బెంచీ నిండా జనం ఉన్నప్పుడు చూసి మరీ అంగడికి వచ్చాడు. "మావాడి ఎడమ మోకాలు పోయిందప్పా. ఇంగ వాడు ఆడేది యాడ," అన్నాడు.

"మెల్లిగా చెప్పు. ఎవురన్నా వింటారు," అన్నాడు అశ్వత్థప్ప.

"వింటే విననీ. ఎడమది. లోపల తెగి ఉండాది."

బెంచీ మీదవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అశ్వత్థప్ప వాడి తరఫున కూడా తనే సిగ్గుపడ్డాడు.

అంతటితో ఊరుకున్నాడా అంటే అదీ లేదు. ఆ వారం నుంచి ప్రతి మ్యాచ్‌కూ తయారు. టీము మేనేజరు వాడికి పాత స్నేహితుడు కావడంతో లోపలికి రానిచ్చేవాడు. ఆటకు ముందు గీత పక్కన కొడుకును కూర్చోబెట్టి, అందరూ చూస్తుండగా ఎడమ మోకాలికి కట్టు కట్టేవాడు. నల్ల నిక్కరు, నల్ల సాక్సులు, మధ్యలో తెల్లగా ఆ కట్టు. గ్యాలరీలో చివరి వరుసకు కూడా కనిపించేది. దాచుకోవలసినదాన్ని ఊరేగించడమంటే ఇదే.

ఎదుటి జట్లకు కావలసింది దొరికింది. బంతిని వదిలేసి కట్టును తన్నేవాళ్లు. గాడ్విన్ పడేవాడు, పళ్లు బిగించి లేచేవాడు. అశ్వత్థప్ప చూడలేక కళ్లు మూసుకునేవాడు. ఏసురత్నం మాత్రం చేతులు కట్టుకుని, తన్నిన ప్రతిసారీ నింపాదిగా తల ఊపేవాడు.

కడుపున పుట్టినవాడి మీద ఇంత కుళ్లు ఎందుకో అశ్వత్థప్పకు తెలుసు. ఏసురత్నం ఒకప్పుడు గనుల జట్టులో గోలు ముందు అడ్డం నిలిచే స్టాపరు. గని పోయింది, జట్టు పోయింది. ఇప్పుడు ఒక స్కూలు గేటు దగ్గర వాచ్‌మన్. తనకు నిలవని పేరు కొడుక్కి వస్తుంటే ఓర్వలేకపోతున్నాడు నీచుడు. ఈ మాటనూ అశ్వత్థప్ప బెంచీ మీదవాళ్లకు వారం వారం విడమరిచి చెప్పాడు. ఎడమ మోకాలి సంగతి తెలియనివాళ్లు ఇంకా ఎవరైనా మిగిలి ఉంటే వాళ్లకూ తెలిసింది.

గాడ్విన్‌ను చూస్తే మాత్రం ఆయనకు జాలేసేది. రైలు మెట్టు ఎక్కేటప్పుడు అతను ఎప్పుడూ ఎడమ కాలే ముందు పెట్టేవాడు. చెడిన కాలిని అలా ముందుకు తొయ్యడానికి ఎంత గుండె కావాలి అనుకునేవాడు అశ్వత్థప్ప.

ఆఖరి మ్యాచ్‌లో కట్టు మీద నాలుగు తన్నులు తిని, గాడ్విన్ తొంభై నిమిషాలూ ఆడాడు. మర్నాడు క్లబ్బు రెండేళ్లకు కాంట్రాక్టు రాసింది. ఆ మరుసటి వారమే ఆపరేషన్.

అశ్వత్థప్ప మామిడిపండ్లు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాడు. కొడుకు మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఏసురత్నం ఆ తెల్లకట్టును చుట్ట చుడుతున్నాడు. చూడగానే అశ్వత్థప్పకు ఒళ్లు మండింది.

"నువ్వు మనిషివేనా? కన్నకొడుకు కాలు చూపించి తన్నించినావు. నీ మొగం చూస్తే అసయ్యంగా ఉండాది."

"అవునప్పా, నేనే చూపించినాను," అన్నాడు ఏసురత్నం, చుట్టడం ఆపకుండా. "నువ్వూ శానా సాయం చేసినావు."

"నేనేం చేసినాను?"

"నీ బెంచీ లేకుంటే బెంగళూరు దాకా ఎవురు చెప్తారు."

సిగ్గులేనివాణ్ణి కదిలించడం తనదే తప్పనుకుని అశ్వత్థప్ప ముఖం తిప్పుకున్నాడు.

ఇంతలో నర్సు మార్కరు పెన్ను పట్టుకుని వచ్చింది. కొయ్యవలసిన కాలి మీద ముందుగా గుర్తు పెట్టాలట. అది పేషెంటు నోటితోనే చెప్పించుకోవాలట.

"ఏ మోకాలప్పా?" అని గాడ్విన్‌ను అడిగింది.

"ఎడమది తల్లీ, ఊరంతటికీ తెలుసు," అన్నాడు అశ్వత్థప్ప.

గాడ్విన్ నాయన వైపు చూసి నవ్వి, సీజనంతా ఒక్క తన్నూ తగలని కుడి కాలును దుప్పటిలోంచి బయటికి చాపి, "ఇది సిస్టర్," అన్నాడు.